ఇంజను ఏదైనా తాగుతుంది, ట్యాంకు తాగదు

ఏప్రిల్లో ఒక ఆదివారం పొద్దున్న ఆరింటికి, వైజాగ్ ఫిషింగ్ హార్బర్లో చేపల పాట మంచి జోరు మీదుండగా ఫోన్ మోగింది. మా మేనల్లుడు. వాడుండేది అమెరికాలో, మిన్నెసోటా. అక్కడ ఇంకా శనివారం సాయంత్రం ఏడున్నర. "మావయ్యా, ఇంజను వేడి మీద ఆపి, పది నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చేస్తే దగ్గి దగ్గి ఆగిపోతోంది, ఈ ముల్లు చూడు" అని ఫోన్ అటు తిప్పాడు. ఇటు వంజరం బుట్టకి పాట పాడుతున్నాయన గొంతు, అటు వాడి పెట్రోలు పంపు గుయ్యిమనే మోత, రెండూ కలిసి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఐసు పెట్టెల వెనక్కి పోయి మళ్లీ చూశాను. ఫ్యూయల్ ప్రెషర్ ముల్లు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది.

"పంపులోకి పెట్రోలు రావట్లేదురా, ఆవిరి వస్తోంది. ఆ పెట్రోలు ఎప్పుడు పట్టించావ్?"

"ఫిబ్రవరిలో."

అక్కడే దొరికిపోయాడు. ఆ సంగతి తర్వాత చెప్తాను, ముందు ఈ గోల ఏంటో చెప్పాలి కదా.

వాడు ఆరేళ్లుగా ఇంటి గ్యారేజీలో విమానం కడుతున్నాడు. బొమ్మ విమానం కాదు, ఇద్దరు కూర్చుని ఎగిరేది. ఫైబర్ గ్లాసు బాడీ, ముందు చిన్న రెక్క, వెనక పెద్ద రెక్క, ప్రొపెల్లరు వెనకాల ఉంటుంది; లాంగ్-ఈజీ తరహా అంటారు. అమెరికాలో సొంతంగా కట్టుకున్న విమానాన్ని ఎక్స్‌పెరిమెంటల్ కింద రిజిస్టర్ చేస్తారు, అందులో ఏ ఇంజను పెట్టాలో, ఏ ఇంధనం పోయాలో కట్టినవాడి ఇష్టం, తిప్పలు కూడా కట్టినవాడివే. వీడేమో పాత మజ్దా ఆర్ఎక్స్-7 కారులోంచి తీసిన 13బీ రోటరీ ఇంజను పెట్టాడు. మా అక్క ఈ వ్యవహారం మొత్తాన్ని "వాడి పిచ్చి" అని రెండు ముక్కల్లో తేల్చేస్తుంది.

మరి నన్నెందుకు అడుగుతాడు? నేను విమానాల మనిషిని కాదు. బీచ్ రోడ్డులో పెట్టిన టీయూ-142 అనే నేవీ పాత విమానాన్ని టికెట్టు కొని లోపలికెళ్లి చూడటం తప్ప నాకు విమానాలతో సంబంధం లేదు, అది కూడా కిరోసిన్ జాతి ఇంధనం తాగే టర్బోప్రాప్. నా పని హార్బర్ దగ్గర, బోటు వెనక తగిలించే అవుట్‌బోర్డ్ ఇంజన్ల రిపేరు. ఇరవై రెండేళ్లయింది. కానీ పెట్రోల్లో ఆయిల్ కలపడం, పెట్రోల్లోకి నీళ్లు చేరడం, ప్లగ్గులు మసిబారడం, ఉప్పుగాలికి పైపులు చివికిపోవడం, ఇవన్నీ నాకు రోజూ తినే అన్నం. రోటరీ ఇంజను పెట్టుకున్నవాడికి వచ్చే తలనొప్పులు కూడా చాలావరకు ఇవే. అందుకని ఈ ఆరేళ్లలో వాడు అడిగినవీ, నేను చెప్పినవీ, ఇద్దరం తప్పుగా అనుకుని తర్వాత దిద్దుకున్నవీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందో మాట. రోటరీ అంటే రెండు రకాలున్నాయి, నెట్లో వెతికితే రెండూ కలిసిపోయి వస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో నోమ్, ల రోన్ అని సిలిండర్లతో సహా ఇంజను మొత్తం గిర్రున తిరిగేవి ఉండేవి. వాటికి ఆయిల్ ఏం వాడేవారో తెలుసా, ఆముదం! ఆ ఇంజన్లలో పెట్రోలు, గాలి కలిసి ఇంజను నడిమి గది అయిన క్రాంక్‌కేసు లోంచే వెళ్లాలి. మామూలు మినరల్ ఆయిల్ అయితే పెట్రోల్లో కరిగిపోయి పల్చబడుతుంది, ఆముదం అంత సులువుగా కరగదు. వాడిన ఆయిల్ తిరిగి రాదు, పొగతో పాటు బయటికి పోవడమే, వెనక కూర్చున్న పైలట్ మొహాన ఆముదమే ఆముదం. ఆ ఫ్లైట్ తర్వాత వాళ్ల కడుపుల పరిస్థితి ఏంటో చిన్నప్పుడు అమ్మమ్మ చేతుల్లో ముక్కు మూయించుకుని ఆముదం తాగినవాళ్లకి చెప్పక్కర్లేదు.

మనం మాట్లాడేది అది కాదు, వాంకెల్ రోటరీ. పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. అండాకారపు గదిలో మూడు మూలల రోటరు తిరుగుతూ ఉంటుంది. మొదటి వాంకెల్ ఇంజను జర్మనీలో తిరిగింది 1957లో. మన మల్కాపురంలో కాల్టెక్స్ రిఫైనరీ మొదలైందీ 1957లోనే. దీనికీ దానికీ ఏ సంబంధమూ లేదు, ఊరికే నాకు గుర్తుంటుంది. ఇదేదో విదేశీ వింత అనుకోకండి, మన డీఆర్‌డీవో నిశాంత్ డ్రోన్‌ని కూడా ఇక్కడే తయారుచేసిన 55 హార్స్‌పవర్ వాంకెల్ ఇంజనుతో 2009లో కోలార్ దగ్గర ఎగరేసి చూశారు.

ఇక పెట్రోలు. అందరూ మొదట అడిగేది ఆక్టేన్, అంటే పెట్రోలు తనంతట తాను పేలిపోకుండా ఎంత ఓర్చుకుంటుందో చెప్పే అంకె, ఎంతుండాలి అని. వీడూ అదే అడిగాడు. నా లెక్కలో రోటరీకి అది ఆఖరి ప్రశ్న. పిస్టన్ ఇంజనులో మంట అంటుకున్నాక మూలన మిగిలిన గ్యాసు తనంతట తాను పేలిపోతేనే కదా నాకింగ్. రోటరీలో గాలి లోపలికొచ్చే చోటు వేరు, మంట మండే చోటు వేరు. కొత్త గ్యాసు చల్లగా ఉన్న వైపు లోపలికొచ్చి నొక్కుకుని వేడి వైపుకి వెళ్తుంది, దారిలో ఎర్రగా కాలిన ఎగ్జాస్ట్ వాల్వు అనేదే ఉండదు, పైగా మండే గది సన్నగా పొడుగ్గా ఉండటంతో మిగిలిన గ్యాసు గోడలకి తగిలి చల్లబడుతుంది. అందుకే పాత ఆర్ఎక్స్-7లకి అమెరికాలో అన్నిటికంటే చవకైన 87 పెట్రోలే సరిపోయేది. వాళ్ల 87ని చూసి మన 91 కంటే తక్కువ అనుకోకండి, అక్కడ రెండు కొలతల సగటు రాస్తారు, మనం ఒకటే రాస్తాం. వాళ్ల 87, మన 91 ఇంచుమించు ఒకటే సరుకు.

ఇదంతా టర్బో లేని ఇంజను సంగతి. టర్బో పెట్టి గాలి తోస్తే రోటరీ అంత ఓర్చుకోదు. ఒక్కసారి గట్టిగా నాక్ అయితే రోటరు మూలల్లో ఉండే ఏపెక్స్ సీలు విరుగుతుంది, ఆ ముక్క లోపలంతా గీరుకుంటూ బయటికి పోతుంది. మావాడు టర్బో పెట్టలేదు. పెడతానన్నాడు ఒకసారి. ఆ నెలంతా వాడి ఫోన్ ఎత్తలేదు నేను.

ఆక్టేన్ పక్కన పెడితే మూడు సంగతులు మిగిలాయి. సీసం, ఆల్కహాల్, ఆవిరి.

మన దగ్గర కార్లకి సీసం పెట్రోలు 2000తోనే పోయింది. ప్రపంచం మొత్తమ్మీద చివరి దేశం అల్జీరియా, 2021లో మానేసింది. చిన్న విమానాలు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా దాన్నే తాగుతున్నాయి. 100ఎల్ఎల్ అంటారు, నీలం రంగు. ఎల్ఎల్ అంటే లో లెడ్, తక్కువ సీసం అని. తక్కువంటే లీటరుకి 0.56 గ్రాము దాకా! విమానాశ్రయాల్లో పంపు దగ్గర దొరికేది ఇదే కాబట్టి, దూరం వెళ్లిన ప్రతిసారీ ఇదే పోయించుకోక తప్పదు. మంచి పెట్రోలే, కాదనను. ఆల్కహాల్ ఉండదు, ఆవిరి తక్కువ, నెలలు నిలవున్నా చెడదు. కానీ సీసం దేనికి వేస్తారు? నాకింగ్ ఆపడానికి, పనిలో పనిగా వాల్వు సీట్లు అరక్కుండా. రోటరీకి మొదటిది అక్కర్లేదు, రెండోదానికి అసలు వాల్వులే లేవు. అమెరికాలో ఒక యూనివర్సిటీ ఫ్లయింగ్ స్కూలు 2023లో సీసం లేని 94 ఆక్టేన్ పెట్రోలు వాడి, వాల్వు సీట్లు అరుగుతున్నాయని వెనక్కి తగ్గి మళ్లీ 100ఎల్ఎల్‌కి వెళ్లిపోయింది. ఆ వార్త పంపి వీడు టెన్షన్ పడ్డాడు. ఒరే, నీకు వాల్వు ఎక్కడుందిరా అరగడానికి?

రోటరీలో సీసం చేసే చెడు ప్లగ్గుల దగ్గర కనిపిస్తుంది. 13బీలో ఒక్కో రోటరుకి రెండు ప్లగ్గులు, లీడింగ్, ట్రెయిలింగ్ అని. ట్రెయిలింగ్ ప్లగ్గు గోడలోకి లోతుగా కూర్చుంటుంది, మంట బయటికి రావడానికి సన్నటి కన్నం ఒక్కటే దారి. ఏపెక్స్ సీలు ఆ కన్నం మీదుగా దాటేటప్పుడు ప్రెషర్ అటునుంచి ఇటు జారిపోకూడదని అంత చిన్నగా పెట్టారు. సీసం మండాక గట్టిగా అంటుకుపోకుండా దాన్ని ఆవిరి చేసి బయటికి పంపడానికి బ్రోమిన్ ఉన్న మందు ఒకటి ఆ పెట్రోల్లోనే కలుపుతారు గానీ, ఇంజను చల్లగా, మిక్చరు చిక్కగా (గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ) ఉంటే అది పూర్తిగా పనిచెయ్యదు. వాడు ఒకసారి పక్కవాళ్లు మిగిల్చిన 100ఎల్ఎల్ పోసి గంటల తరబడి నేలమీదే టెస్టులు చేసి, ప్లగ్గు విప్పి ఫొటో పంపాడు: పింగాణీ మీద బియ్యపు నూకల్లాంటి బూడిదరంగు గుళ్లు. గోటితో గీకితే రాలేదట, దబ్బనంతో పెకిలించాడు. ఇవి కాక ఎగ్జాస్ట్‌లో పెట్టే ఆక్సిజన్ సెన్సార్ కూడా సీసం తగిలితే చచ్చిపోతుంది, దాన్ని చూసి పెట్రోలు పాళ్లు సరిచేసుకునేవాడికి కళ్లు పోయినట్టే.

అయినా సరే, ఈ మూడిట్లో సీసమే మంచిదంటాను. చెప్పి చేస్తుంది. ప్లగ్గులు పాడైతే మార్చుకోవచ్చు, ముందే దగ్గుతుంది, ముందే తెలుస్తుంది.

ఆల్కహాల్ అలా కాదు, దొంగ. ఇథనాల్ (పెట్రోల్లో కలిపే ఆల్కహాల్ ఇదే) ఇంజనుకి ఏమీ చెయ్యదు, ఇంకా చెప్పాలంటే చల్లగా మండుతుంది, ఆక్టేన్ పెంచుతుంది. వాడి ఇంజను ఇథనాల్ కలిపిన పెట్రోలు మీద తిరిగిన రోజులున్నాయి, హాయిగా తిరిగింది. బలం కొంచెం తక్కువ, లీటరు ఇథనాల్లో ఉండే శక్తి పెట్రోల్లో ఉండేదానికి మూడింట రెండొంతులే, ఆ మేరకు పాళ్లు సరిచేసుకుంటే సరి. గొడవంతా ట్యాంకుతో.

నా అనుభవం చెప్తాను. నాలుగైదేళ్ల కిందట ఒక ఫైబర్ తెప్పకి నేనే స్వయంగా ఫైబర్ గ్లాసుతో పెట్రోలు ట్యాంకు చేసిచ్చాను. బోటు మూలకి సరిగ్గా సరిపోయేలా, చూడ్డానికి ముచ్చటగా ఉండేది. ఒక వర్షాకాలం గడిచింది. ఒకరోజు ఆ తెప్పతను తీరానికి దగ్గర్లోనే ఇంజను ఆగిపోయి పక్క బోటు సాయంతో కట్టి లాక్కొచ్చుకున్నాడు. ఫిల్టరు విప్పితే తేనె. నిజంగా తేనె రంగులో, తేనెలాగే సాగుతూ. ట్యాంకులోకి చెయ్యి పెడితే లోపలి గోడ చల్లారిన పాకంలా వేలికి అతుక్కుంది. గ్లాసు గుడ్డని పట్టి ఉంచే జిగురు, నా రెసిన్ని, ఇథనాల్ నెమ్మదిగా నానబెట్టి కరిగించేసింది. అది నా తప్పే, ఇంకెవరిదీ కాదు, ట్యాంకుకి పనికొచ్చే రెసిన్ వేరే ఉంటుందని అప్పటికి తెలియదు. డబ్బులు తిరిగిచ్చి అల్యూమినియం ట్యాంకు కొనిచ్చాను.

ఇప్పుడు మావాడి విమానం చూడండి. ట్యాంకు అంటూ విడిగా లేదు, రెక్క మొదట్లో ఉండే ఫైబర్ గ్లాసు గదే ట్యాంకు. అది మెత్తబడితే మార్చడానికి ఉండదు, విమానం కోసుకోవాలి. అందుకని వాణ్ణి ఒక పని చెయ్యమన్నాను. ట్యాంకుకి వాడిన అదే రెసిన్, అదే గుడ్డతో అగ్గిపెట్టె సైజు ముక్కలు చేసి, బరువు తూచి, మూడు గాజు సీసాల్లో వెయ్యమన్నాను. ఒకదాంట్లో ఇథనాల్ లేని పెట్రోలు, ఒకదాంట్లో ఇథనాల్ కలిపింది, ఒకదాంట్లో 100ఎల్ఎల్. మూత గట్టిగా బిగించి గ్యారేజీ బయట పెట్టి మూడు నెలలు మర్చిపొమ్మన్నాను. తీశాక రెండు సీసాల్లో ముక్కలు ఎలా వేసినవి అలాగే ఉన్నాయి. ఇథనాల్ సీసాలోది కొంచెం బరువెక్కింది, అంచు మీద గోరు గీస్తే గీత పడింది. అంతే, ఇంక చర్చ లేదు. ఫైబర్ ట్యాంకు ఉన్నవాళ్లెవరైనా ఎవరి మాటా నమ్మొద్దు, నా మాట కూడా, ఈ సీసాల పని చేసుకోండి. ఖర్చేముంది.

రెండో గొడవ నీళ్లు. మామూలు పెట్రోల్లో నీళ్లు పడితే అడుక్కి దిగిపోతాయి, ఎగిరే ముందు అడుగు కుళాయి తిప్పి గ్లాసులోకి వంచితే కనిపిస్తాయి, తీసేస్తాం. ఇథనాల్ ఉంటే ఆ నీటిని తనలో దాచుకుంటుంది, గ్లాసులో చూస్తే నిక్షేపంగా ఉంటుంది. పైకెళ్లాక చలికి ఇక దాచుకోలేక ఇథనాల్, నీళ్లు రెండూ కలిసి ఒక్కసారిగా విడిపోయి అడుక్కి దిగుతాయి. పంపు పీల్చేది ఆ అడుగునుంచే.

ఇథనాల్ ఉందో లేదో చూసుకోవడం చాలా తేలిక, మా షాపులో ఎవరికి కావాలన్నా చేసి చూపిస్తాను. వంద మిల్లీలీటర్ల కొలత గాజు గొట్టం ఒకటి, ల్యాబు సామాను అమ్మే కొట్లో దొరుకుతుంది. ముందు 10 గీత దాకా నీళ్లు, ఆపైన 100 దాకా పెట్రోలు. మూతేసి బాగా గిలక్కొట్టి, మధ్యలో ఒకసారి మూత వదులు చేసి గ్యాసు పోనిచ్చి, నిలబెట్టి టీ తాగి రండి. నీళ్ల గీత పదిమీదే ఉంటే అది ఒట్టి పెట్రోలు. పెరిగితే ఇథనాల్ నీళ్లలోకి వచ్చేసిందన్నమాట. మొన్న మన బంకు పెట్రోలుతో చేస్తే గీత 27 దాటి నిలబడింది, ఇప్పుడు మన దగ్గర 20 శాతం కలుపుతున్నారు కదా, సరిపోయింది. పక్క షాపు కుర్రాడు చూసి "అన్నా, బంకువాడు నీళ్లు కలిపాడు" అని గొడవకి బయల్దేరబోయాడు. ఆ నీళ్లు పోసింది నేనేరా అని కూర్చోబెట్టాను. (ఆరుబయట చెయ్యండి, బీడీ గీడీ దూరం. నేనొకసారి వంటింటి గట్టు మీద చేసి ఇంట్లో తిన్న తిట్లు ఇక్కడ రాయను.)

మిన్నెసోటాలో వాడి అదృష్టం ఏంటంటే, పాత కార్లకీ, పడవలకీ, చిన్న ఇంజన్లకీ అని ఇథనాల్ కలపని 91 (వాళ్ల కొలతలో) ప్రీమియం పెట్రోలు చాలా బంకుల్లో దొరుకుతుంది. అయినా క్యాను నింపిన ప్రతిసారీ గాజుగొట్టం పరీక్ష చెయ్యమన్నాను, చేస్తున్నాడు. బోర్డు మీద రాసింది వేరు, ట్యాంకరులో వచ్చింది వేరు కావచ్చు.

సరే, ఇప్పుడు ఆదివారం ఫోను దగ్గరికి వద్దాం. చలిదేశాల్లో చలికాలం పెట్రోలు వేరుగా తయారుచేస్తారు, మైనస్ ఇరవైల్లో కూడా ఇంజను అంటుకోవాలి కాబట్టి త్వరగా ఆవిరయ్యే సరుకు ఎక్కువ కలుపుతారు. విమానం పెట్రోలు ఆవిరి ఒత్తిడి 49 కిలోపాస్కల్స్ దాటకూడదని నియమం. చలికాలపు కారు పెట్రోలు అందుకు రెట్టింపు దాకా ఉండొచ్చు. ఫిబ్రవరిలో క్యాన్లు నింపి పెట్టుకుని ఏప్రిల్లో మొదటి వెచ్చటి రోజున వాడాడు మావాడు. దానికి తోడు రోటరీ అంటేనే కొలిమి, ఎగ్జాస్ట్ వేడి పిస్టన్ ఇంజను కంటే బాగా ఎక్కువ. వీడి ఇంజను వెనకాల మూతల్లో ఉంటుంది, ఆపగానే గాలి కదలదు, ఆ వేడంతా పక్కనున్న పంపుకీ పైపులకీ ఎక్కుతుంది. పెట్రోలు పైపులోనే మరిగిపోతుంది. పంపు పెట్రోలుని తొయ్యగలదు గానీ బుడగల్ని ఏం తోస్తుంది? ఇది నేలమీద జరిగింది, మన అదృష్టం. పదివేల అడుగుల మీద గాలి ఒత్తిడి ఇక్కడున్న దాంట్లో 70 శాతమే, అక్కడ ఇంకా తొందరగా మరుగుతుంది.

మా బోట్లవాళ్లకి ఇది తెలిసిన రోగమే, మే నెల మధ్యాహ్నం తడిగుడ్డ పంపు మీద వేస్తే ఇంజను అంటుకుంటుంది. ఆకాశంలో తడిగుడ్డ ఎవడు వేస్తాడు. ఆ పెట్రోలు అంతా తీసి కారులో పోసెయ్యమన్నాను. పంపుల్ని ఇంజను గదిలోంచి తీసేసి ట్యాంకుకి దగ్గరగా, ట్యాంకు కంటే కిందికి పెట్టమన్నాను. పంపు పెట్రోలుని పీల్చకూడదు, పెట్రోలే వచ్చి పంపులో పడాలి. ఇంజనుకి పోగా మిగిలిన పెట్రోలు తిరిగొచ్చే పైపు పంపు ముందే కలిపి ఉంది, వేడి పెట్రోలు మళ్లీ మళ్లీ అక్కడే తిరిగి ఇంకా వేడెక్కుతోంది, దాన్ని ట్యాంకులోకి పెట్టించాను. నెల పట్టింది. మళ్లీ వెచ్చటి రోజున, ఈసారి కొత్త పెట్రోలుతో, వేడి మీద ఆపి పది నిమిషాలాగి స్టార్ట్ చేశాడు. ముల్లు కదల్లేదు.

ఆయిల్ సంగతి చిన్నదే గానీ వదిలెయ్యకూడదు. ఏపెక్స్ సీళ్లకి ఆయిల్ తడి కావాలి. కారులో చిన్న పంపు ఒకటి ఇంజను ఆయిల్నే కొద్దికొద్దిగా లోపలికి చిమ్ముతుంది. విమానాల్లో పెట్టుకున్నవాళ్లు చాలామంది దాన్ని పీకేసి టూ-స్ట్రోక్ ఆయిల్ పెట్రోల్లోనే కలిపేస్తారు. ఇంజను ఆయిల్ మండితే బూడిద మిగులుతుంది, అవుట్‌బోర్డులకి వాడే బూడిద లేని ఆయిల్ శుభ్రంగా పోతుంది. నేను పాత అలవాటుకొద్దీ లీటరుకి ఇరవై మిల్లీలీటర్లు అనబోయాను, అది మా బోట్ల లెక్క. రోటరీకి లీటరుకి ఎనిమిది చాలు. ముందు ఆయిల్, తర్వాత పెట్రోలు పొయ్యాలి, అప్పుడే బాగా కలుస్తుంది. దూరం వెళ్లేటప్పుడు కొలిచిపెట్టుకున్న చిన్న సీసాలు సీటు వెనక ఉండాలి, ఎందుకంటే ఎయిర్‌పోర్టు పంపులో ఆయిల్ కలిపి రాదు.

మొత్తానికి వాడి లెక్క ఇలా కుదిరింది. ఇంటి దగ్గర ఇథనాల్ లేని 91, వేసవి సరుకు మాత్రమే, నెల దాటి నిలవుంచకూడదు. దారిలో తప్పకపోతే 100ఎల్ఎల్, ఇంటికొచ్చాక ట్రెయిలింగ్ ప్లగ్గులు విప్పి చూడటం. సీసం లేని 94 దొరికే ఎయిర్‌పోర్టు దారిలో ఉంటే అక్కడ దిగాలి, ఈ ఇంజనుకి దానికి మించింది లేదని నా అభిప్రాయం. కొత్తగా సీసం లేని 100 ఆక్టేన్ కూడా వచ్చింది గానీ కొన్ని విమానాలకి రంగు లేచిందనీ సీలెంటు మెత్తబడిందనీ ఫిర్యాదులున్నాయి. నాలుగో సీసా, నాలుగో ముక్క, మూడు నెలలు. ఆ తర్వాత చూద్దాం.

ఇది చదివి "మరి మనం వైజాగులో కట్టుకుంటే?" అని అడిగేవాళ్లుంటారు, షాపులో ఇప్పటికే ఇద్దరు అడిగారు. ఇక్కడ ఎయిర్‌పోర్టు నేవీది, ఐఎన్ఎస్ డేగా, అక్కడికి మీ గ్యారేజీ విమానం తోసుకుంటూ వెళ్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఇంధనం వరకూ చెప్పాలంటే 100ఎల్ఎల్ ఒకప్పుడు పూర్తిగా దిగుమతే, 2022 నుంచి గుజరాత్‌లో వడోదర దగ్గర ఇండియన్ ఆయిల్ తయారుచేస్తోంది. మన బంకు పెట్రోలు సంగతి గాజు గొట్టంలో చూశారుగా.

మా అక్కకి పెట్రోలు సంగతులన్నీ తేలిపోయాయని ఫోన్ చేసి చెప్పాను, వేసవిలో మొదటిసారి ఎగురుతాడని కూడా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఎగిరేముందు నాకు చెప్పొద్దను. దిగాక చెయ్యమను ఫోను" అంది.